కవచం వేశారు, కానీ అది లోహంలా లేదు: మినియేచర్ల మెటాలిక్ పెయింట్ చిక్కులు, విరుగుళ్లు

బొమ్మ ఎత్తు మూడు సెంటీమీటర్లు. చేతిలో కత్తి, ఒంటి మీద కవచం. సీసా మీద ఉక్కు అని రాసి ఉన్న రంగే వేశారు. ఆరాక చూస్తే మాత్రం వెండి కాగితం చుట్టినట్టుంది. చాలామంది ఈ దశలో కొత్త సీసా కొంటారు. మరో మూడు బొమ్మల తర్వాత మళ్లీ అదే నిరాశ. రోగం తెలియకుండా మందు మార్చి లాభం లేదు. బొమ్మను దీపం కింద పట్టుకుని నెమ్మదిగా తిప్పండి. తేడా ఎక్కడ, ఎలా కనిపిస్తోందో చూసి కింది వాటిలో మీ చిక్కు ఏదో పోల్చుకోండి.

తళతళలాడుతోంది, కానీ చప్పగా ఉంది

అన్నిటికంటే ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. కారణం రంగులో లేదు, బొమ్మ పరిమాణంలో ఉంది.

మెరుగు పెట్టిన స్టీలు గరిటెను చేతిలోకి తీసుకుని పరీక్షగా చూడండి. అందులో వెండి రంగు అంటూ ఏదీ ఉండదు. కిటికీ పడినచోట తెల్లటి మెరుపు, గదిలో చీకటి మూల పడినచోట దాదాపు నలుపు, రెండూ పక్కపక్కనే ఉంటాయి. మన కన్ను లోహాన్ని గుర్తుపట్టేది ఆ ఎదురుబొదురు వల్లే. మెటాలిక్ పెయింట్‌లో ఉండేవి అభ్రకం లేదా అల్యూమినియం సన్నని రేకులు. అవి రకరకాల కోణాల్లో పరుచుకుంటాయి కాబట్టి వెలుగును అన్ని వైపులకూ చెదరగొడతాయి. అద్దంలా స్పష్టమైన ప్రతిబింబం ఏర్పడదు. పైగా వేలి గోరంత భుజకవచం మీద వెలుగునీడలు వాటంతట అవి స్పష్టంగా ఏర్పడవు. అందుకే ఆ నలుపునూ తెలుపునూ మనమే వేయాలి.

ముందుగా మధ్యస్థంగా ఉండే ఉక్కు రంగు అంతటా వేయండి. తర్వాత నలుపులో కొద్దిగా ముదురు నీలం కలిపి, బాగా పలుచన చేసి, నీడ పడాల్సిన చోట పొర మీద పొరగా వేయండి. ఇక్కడ మెటాలిక్ కాని మామూలు మాట్ రంగే, అంటే ఆరాక మెరవని రంగే, వాడాలి. అది రేకులను కప్పి నీడలో మెరుపును చంపుతుంది, మనకు కావలసిందీ అదే. చేయి వణుకుతుంది, తెలుసు. ఇంత నలుపా అనిపించేదాకా వెళ్లండి. కవచంలో మూడో వంతు చీకటిలోకి వెళ్లినా పరవాలేదు. చివరగా మీ దగ్గరున్న అతి తెల్లటి వెండి రంగు, చాలా తక్కువ చోట.

ఎక్కడ అన్నది ఆకారం చెబుతుంది. కాళ్లకు, చేతులకు తొడిగే గొట్టం లాంటి కవచాల మీద వెలుగు నిలువు చారగా పడుతుంది. గుండ్రటి శిరస్త్రాణం మీద చిన్న మచ్చగా కుదించుకుపోతుంది. మధ్యలో వెన్ను ఉన్న కత్తి అలుగైతే ఇంకా సులువు. వెన్నుకు ఎడమ వైపు పిడి దగ్గర చీకటిగా మొదలై మొన దగ్గర వెలుగుగా మారాలి, కుడి వైపు సరిగ్గా దానికి తలకిందులు. అప్పుడు రెండు చివర్లలోనూ వెన్ను గీతకు ఒకవైపు వెలుగు, మరోవైపు చీకటి ఎదురెదురుగా నిలుస్తాయి, బల్లపరుపు ప్లాస్టిక్ ముక్కకు కూడా పదును వచ్చినట్టుంటుంది.

సరిపోయిందో లేదో తేల్చుకోవడానికి ఫోనుతో ఒక ఫొటో తీసి నలుపు తెలుపులోకి మార్చండి. కవచం అంతా ఒకే బూడిద రంగులో కనిపిస్తే పని ఇంకా మిగిలే ఉంది.

వాష్ వేశాక మెరుపు పోయింది

వాష్ అంటే పలుచని రంగు నీళ్లే అనుకుంటాం. ఆరాక అది మాట్ పొరగా మిగిలి రేకుల మీద ముసుగు వేస్తుంది. కవచమంతా ముంచెత్తినట్టు వేస్తే సందులతో పాటు ఎత్తైన భాగాలూ మసకబారతాయి. ఇప్పటికే అలా అయితే కంగారు పడకండి. అదే ఉక్కు రంగును ఎత్తైన భాగాలకు మాత్రమే మళ్లీ వేయండి, సందుల్లోని నీడను ముట్టుకోవద్దు. ఈసారి నుంచి సన్నని కుంచెతో రివెట్ల చుట్టూ, పలకలు కలిసే గీతల్లో మాత్రమే వేయండి. ముందు గ్లాస్ వార్నిష్, అంటే నిగనిగలాడే వార్నిష్, ఒక పూత వేస్తే వాష్ నున్నటి తలం మీద నిలవకుండా తనంతట తానే సందుల్లోకి జారుకుంటుంది.

ఆరాక అంచుల్లో వలయాల్లాంటి మరకలు మిగిలితే, వాష్ ఒకచోట గుంటకట్టి ఉండగా ఆరిందని అర్థం. తడిగా ఉన్నప్పుడే శుభ్రమైన చెమ్మ కుంచె ఆనిస్తే అదనపు వాష్‌ను పీల్చేస్తుంది. సగం ఆరినదాన్ని మాత్రం కెలకకూడదు. పూర్తిగా ఆరనిచ్చి పైన రంగు వేసి కప్పుకోవడమే.

గరుకుగా, చమ్కీలు చల్లినట్టు ఉంది

దీనికి మూడు నాలుగు కారణాలున్నాయి. ముందు ఒక పరీక్ష: అదే రంగు చుక్కను నున్నటి ప్లాస్టిక్ ముక్క మీద పూసి ఆరనివ్వండి. అక్కడా గరుకుగా ఉంటే తప్పు రంగుది. అక్కడ నున్నగా ఉంటే తప్పు బొమ్మ మీది ప్రైమర్‌ది, అంటే రంగుకు ముందు వేసే తొలి పూతది.

రంగుదైతే మొదట సీసా అడుగు చూడండి. రేకులు బరువైనవి, అడుగున పేరుకుపోతాయి. ఒక నిమిషం పాటు గట్టిగా కుదపాలి. లోపల రెండు స్టెయిన్‌లెస్ స్టీలు గుండ్లు వేస్తే పని తేలికవుతుంది. మామూలు ఇనుప గుండ్లు వద్దు, నీటి ఆధారిత రంగులో అవి తుప్పు పడతాయి. రెండో అనుమానం నీళ్లు. మామూలు రంగుల్లో పోసినట్టు మెటాలిక్‌లో నీళ్లు పోస్తే పట్టి ఉంచే బంక పలచబడి, రేకులు ద్వీపాల్లా విడిపోతాయి. పలుచన చేయడానికి యాక్రిలిక్ మీడియం (రంగు కలపని బంక) వాడండి, నీళ్లు ఒకటి రెండు చుక్కలు చాలు. ఈ రెండూ సరిచేశాక కూడా చమ్కీలే కనిపిస్తే ఆ రంగులో రేకులే పెద్దవని అర్థం. ఆ సీసాను బొమ్మ అడుగు పీఠాలకు వాడుకోండి, కత్తి మీదకు రానివ్వకండి.

తప్పు ప్రైమర్‌దైతే మరీ దూరం నుంచి స్ప్రే చేసి ఉంటారు. తుంపరలు గాలిలోనే ఆరిపోయి దుమ్ములా పడతాయి. సాధారణంగా 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరం చాలు. బట్టలు, చర్మం ఈ గరుకును దాచేస్తాయి కానీ లోహపు రంగు ఏదీ దాచదు, బొమ్మ అచ్చు అతుకు దగ్గర మిగిలే గీతలు కూడా దాని కింద రెట్టింపుగా కనిపిస్తాయి. కొద్దిపాటి గరుకైతే చాలా సన్నని నీటి కాగితంతో (తడిపి వాడే గరుకు కాగితం) మెల్లగా రుద్దండి. ఎక్కువైతే రంగంతా తీసేసి మళ్లీ మొదలుపెట్టడమే. ప్లాస్టిక్, లోహపు బొమ్మలకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పనిచేస్తుంది. రెజిన్ బొమ్మలను మాత్రం ఎక్కువసేపు నానబెట్టకండి, ముందు ఏదైనా చిన్న ముక్క మీద ప్రయత్నించి చూడండి.

కుంచె చారలు కనిపిస్తున్నాయి

సగం ఆరిన పూత మీద మళ్లీ కుంచె ఆడించారు. ఒక గీత, అంతే, ఆరేదాకా ముట్టుకోవద్దు. ఒక మందపు పూతకు బదులు రెండు పలుచని పూతలు వేయండి. అలుగు మీద కుంచె ఎప్పుడూ పొడవునే సాగాలి, అప్పుడు చారలు మిగిలినా మెరుగు పెట్టిన ఉక్కు గీతల్లా కనిపిస్తాయి.

బంగారం ఆకుపచ్చగా తిరిగింది

నల్ల ప్రైమర్ మీద నేరుగా బంగారు రంగు వేశారు. చాలా బంగారు రంగులు కొంత పారదర్శకంగా ఉంటాయి. పసుపు కింద నుంచి నలుపు తొంగిచూస్తే కంటికి ఆకుపచ్చ ఛాయ తగులుతుంది. నాలుగు పూతలు వేసినా అది పూర్తిగా పోదు. నలుపు మీద ముందు ఎర్రమట్టి లాంటి గోధుమ రంగు వేసి, ఆ పైన బంగారం వేయండి. రెండు పూతల్లో నిండుగా వస్తుంది. నీడకు ముదురు ఎరుపు గోధుమ, బాగా లోతైన చోట కాస్త ఊదా. వెలుగుకు బంగారంలో వెండి రంగు కలపండి. తెలుపు కలిపితే రేకులు మునిగిపోయి పాలు కలిసిన పసుపులా మిగులుతుంది.

వార్నిష్ తర్వాత మసకబారింది

మాట్ వార్నిష్‌లోని సన్నని పొడి వెలుగును చెదరగొట్టడానికే ఉంది. బట్టల మీద అది మేలు, లోహం మీద కీడు. ఎండాక లోహ భాగాలకు మాత్రం కుంచెతో శాటిన్ (కొద్దిగా మెరిసే) లేదా గ్లాస్ వార్నిష్ వేస్తే మెరుపు చాలావరకు తిరిగి వస్తుంది. నేనైతే బొమ్మంతా మాట్ వేసి, అతి తెల్లటి వెండి గీతలను ఆ తర్వాతే పెడతాను. పక్కన గుడ్డ పొడిగా ఉంటే లోహం మరింత నిగనిగలాడుతుంది.

తుప్పు వేశాను, మట్టి అంటినట్టుంది

ఇక్కడ తెలుగు మన పని సగం చేసిపెట్టింది. ఇనుముది తుప్పు, రాగి ఇత్తడి కంచులది చిలుము. రెండు వేర్వేరు మాటలు, రెండు వేర్వేరు రంగులు. కంచు డాలు మీద నారింజ రంగు తుప్పు వేస్తే ఏదో తేడా ఉందని చూసేవారికి చప్పున తెలుస్తుంది. దానికి నీలి ఆకుపచ్చ కావాలి, అదీ సందుల్లోనే. బంగారానికి రెండూ పట్టవు, వదిలేయండి.

ఇనుముకైనా ఒకే నారింజ రంగుతో పని జరగదు. ముదురు గోధుమతో మొదలుపెట్టి, దాని లోపల చిన్నదిగా ఎర్ర గోధుమ, ఇంకా చిన్నదిగా నారింజ, స్పంజి ముక్కతో అద్దండి. నీళ్లు నిలిచే చోట్ల, అంటే రివెట్ల కింద, పలకల కీళ్లలో ఉండాలి. రాపిడి తగిలే అంచులు, రోజూ పదును పెట్టే కత్తి వాదర మెరుస్తూనే ఉండాలి. యుద్ధానికి వెళ్లేవాడు ఆయుధాన్ని తోమకుండా ఉండడు.

ముఖం మీద మెరుపు చుక్కలు

కుంచె కడిగిన నీళ్లలో రేకులు తేలుతున్నాయి. లోహపు రంగులకు వేరే గ్లాసు, వేరే కుంచె పెట్టుకోండి. ఒకసారి నా నల్ల అంగీ మాంత్రికుడు నక్షత్రాల రాత్రిలా తయారయ్యాడు. అతనికైతే అది నప్పింది కూడా, తర్వాతి బొమ్మ బుగ్గలకు నప్పలేదు.

చేతిలో బాగుంది, ఫొటోలో బూడిదలా ఉంది

రేకుల మెరుపు వెలుగు పడే కోణాన్ని బట్టి మారుతుంది. ఎదురుగా ఫ్లాష్ కొడితే మీరు కష్టపడి వేసిన నీడలన్నీ తెల్లబారిపోతాయి. ఫొటోల కోసమే బొమ్మలు వేసేవారిలో చాలామంది మెటాలిక్ రంగులు పక్కనపెట్టి, మామూలు రంగులతోనే ప్రతిబింబాలు చిత్రించడానికి ఇదొక కారణం. అలా వేసిన మెరుపు దీపం ఎటు జరిగినా కదలదు. మెటాలిక్‌తోనే ఉండదలచుకుంటే రెండు పక్కల నుంచి, దీపానికీ బొమ్మకూ మధ్యలో తెల్ల కాగితం అడ్డుపెట్టి వెలుగు పడనివ్వండి. మీరు వేసిన తెల్ల గీత, నిజమైన మెరుపు ఒకేచోట కలిసేదాకా బొమ్మను కొద్దికొద్దిగా తిప్పి, అప్పుడు బటన్ నొక్కండి.