ఇంటి ఉప్పునీటి ట్యాంకులో పగడాలు పెట్టే ముందు

ముందు చట్టం సంగతి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో రాతి పగడాలన్నీ ఉన్నాయి. సముద్రం నుంచి ముక్క విరిచి తెచ్చినా నేరమే. మెత్తని రకాలైనా సరే, ఎక్కడి నుంచి వచ్చాయో కాగితం చూపమని అడగండి. నీళ్లు నమిలితే వదిలేయండి.

నీళ్లు: అంతర్వేది దగ్గరే కదా, ఓ క్యాన్ సముద్రపు నీళ్లు తెచ్చుకుంటే పోలా అనిపిస్తుంది. వద్దు. గోదావరి కలిసే చోట ఉప్పు శాతం నిలకడగా ఉండదు, వరదలప్పుడు ఒండ్రు కూడా. ఆర్వో నీళ్లలో పగడాల ట్యాంకుల కోసం అమ్మే ఉప్పు కలిపి లీటరుకు 35 గ్రాముల దగ్గర ఉంచండి. కొలవడానికి రొయ్యల రైతులు వాడే రిఫ్రాక్టోమీటర్ చాలు, భీమవరంలో దొరుకుతుంది.

ఆవిరైన నీటికి బదులు ఉప్పు కలపని ఆర్వో నీళ్లే పోయాలి, ఉప్పునీళ్లు కాదు. చిన్న ట్యాంకులో ఒక్క రోజు మరిచినా ఉప్పు పెరిగిపోతుంది.

నీటి పరీక్షలో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాకే పగడం దించండి. వారాలు పడుతుంది.

ఎండాకాలం అసలు టెన్షన్. నీళ్లు 25–27 డిగ్రీల్లో ఉండాలి, మే నెలలో మన గది అలా ఉంటుందా? ఫ్యానో, నీళ్లు చల్లబరిచే చిల్లర్ యంత్రమో, కరెంటు పోతే పంపుకు ఇన్వర్టరో ముందే చూసుకోండి.

దోమల స్ప్రే ఆ గదిలో వద్దు.

పగడాలు ముట్టుకునేటప్పుడు చేతికి గ్లవుజులు, కళ్లకు అద్దాలు. మెత్తని పగడాల్లా కనిపించే జోయాంథిడ్ రకాల్లో పాలిటాక్సిన్ అనే ఘోరమైన విషం ఉండొచ్చు. అవి అంటిన రాళ్లను ఎప్పుడూ మరిగించకండి, ఆ ఆవిరి కూడా ప్రమాదమే.