ఎయిర్ పిస్టల్ చిన్న భాగాలు: ఏది ఏమిటో, ఏది లేదో తేల్చుకోవడం

మొన్న ఆషాఢంలో మా అక్క కొడుకు అమలాపురం నుంచి ఒక బిస్కెట్ల డబ్బా పట్టుకొని వచ్చాడు. అందులో పది మీటర్ల పోటీలకు వాడే పాత ఎయిర్ పిస్టల్ ఒకటి సగం విప్పిన స్థితిలోనూ, మిగిలిన సగం మందుల కవర్లలోనూ ఉన్నాయి. "చిన్నవి లెక్కపెట్టానండి మావయ్యా, నలభై ఒకటి ఉన్నాయి" అన్నాడు. ఉన్నవి ఎన్నో వాడు సరిగానే చెప్పాడు కానీ, ఉండవలసినవి ఎన్నో ఆ లెక్క చెప్పదు. లోటు తెలియాలంటే భాగాలను కాదు, భాగాలు కూర్చునే చోట్లను లెక్కపెట్టాలి.

పని మొదలుపెట్టే ముందు గాలి సిలిండరును విప్పి పక్కన పెట్టాలి. ఇందులో 200 బార్ల దాకా ఒత్తిడి ఉంటుంది కాబట్టి ఆ సిలిండరు లోపలి భాగాల జోలికి ఇంట్లో ఎవరూ పోకూడదు. తరువాత లోడింగు మీటను తెరిచి, గొట్టంలో 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్ (చిన్న తూటా) ఏదీ మిగిలిపోలేదని చూసి, పిస్టల్ లోపల చిక్కుకున్న గాలిని మనుషులు లేని వైపు గురిపెట్టి వదిలేయాలి.

బంగారం పనివాళ్లు దుకాణం ఊడ్చిన దుమ్మును కూడా పారెయ్యరు. ఈ పనికీ ఆ జాగ్రత్తే కావాలి. అంచున్న స్టీలు పళ్లెంలో తెల్లటి పాత పంచె ముక్క పరిచి, ఫ్యాను ఆపి కూర్చోవాలి. కవరు ఖాళీ చేశాక దాన్ని చించి లోపలి మూలలు కూడా చూడాలి. మన డెల్టాలో, ముఖ్యంగా సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్లలో, చెమట చేత్తో ముట్టుకొన్న సన్నని స్ప్రింగు తెల్లవారేసరికి తుప్పు మచ్చ వేయడం నేను చూశాను కాబట్టి, చిమటా వాడడం మంచిది.

ఇక అసలు పని ఖాళీలను చదవడం. తయారీదారు ఇచ్చే పుస్తకంలో విడిభాగాల బొమ్మ ఉంటుంది. ప్రతి అంకె పక్కన ఆ భాగం ఎన్ని కావాలో కూడా చూడాలి, ఎందుకంటే ఒకే అంకె రెండు మూడు చోట్ల వాడే మరలను సూచించవచ్చు. బొమ్మ లేకపోయినా పిస్టల్ శరీరమే చాలావరకు చెబుతుంది. మర తల బిగిసి కూర్చున్న చోట నల్లని పూత అరిగి, మెరిసే వలయం ఒకటి మిగులుతుంది. రబ్బరు రింగు ఉండిన గాడి అడుగున పాత గ్రీజు, నల్లని రబ్బరు చార కనిపిస్తాయి. శుభ్రంగా పొడిగా ఉన్న గాడి బహుశా రింగు కోసం చేసింది కాకపోవచ్చు. అలాగే మరచుట్లు ఉన్న ప్రతి రంధ్రంలోనూ మర ఉండాలని లేదు: కొన్ని రంధ్రాలు అదనపు బరువులు తగిలించుకోవడానికి వదిలినవి, వాటి అంచున అరుగుదల ఉండదు. ఈ తేడా తెలియక లేని భాగాల కోసం డబ్బు పోసేవాళ్లే ఎక్కువ.

మరలను కొలిచి గుర్తుపట్టాలి. వెర్నియరుతో బయటి వ్యాసం 3 మిల్లీమీటర్లకు కాస్త తక్కువగా వస్తే అది సాధారణంగా ఎం3 (మెట్రిక్ కొలతల్లో 3 మిల్లీమీటర్ల మర), దాని చుట్టుకూ చుట్టుకూ మధ్య దూరం 0.5 మిల్లీమీటర్లు. అయితే అమెరికా కొలతల్లో 4-40 అనే మర ఒకటుంది, వ్యాసం 2.84 మిల్లీమీటర్లు కావడంతో చూపుకు కవల పిల్లలాగే ఉంటుంది కానీ చుట్ల దూరం 0.635. అనుమానం వచ్చినప్పుడు రెండు మరలను పక్కపక్కన ఆనించి వెలుతురుకు ఎత్తి చూస్తే, ఒకే జాతివైతే పళ్లు దువ్వెనల్లా ఒకదానిలో ఒకటి దిగుతాయి, లేకపోతే సందుల్లోంచి వెలుగు కనిపిస్తుంది. మా డబ్బాలో అలాంటి పరాయి మర ఒకటి దొరికింది. ఎవరో దాన్ని పిడి రంధ్రంలో బలవంతంగా తిప్పి రెండు చుట్లు పాడుచేశారు కూడా. అంటే నలభై ఒకటిలో ఒకటి అసలు ఆ పిస్టల్‌దే కాదు.

స్ప్రింగులకు పొడవు ఒక్కటే చూస్తే మోసపోతాము. తీగ మందం, చుట్ల సంఖ్య, కొనలు చదునుగా అరగదీసి ఉన్నాయా లేదా అన్నవి రాసుకోవాలి, ఎందుకంటే ట్రిగ్గరు మొదటి దశకూ రెండవ దశకూ పనిచేసే స్ప్రింగులు పొడవులో దగ్గరగా ఉండవచ్చు. వెనుక సైటు (గురి చూసే భాగం) చక్రం కింద టిక్కుమనే శబ్దం ఇచ్చే ఉక్కు గుండు ఆవగింజంత ఉంటుంది. దాన్ని పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలో చేతులు పెట్టి విప్పకపోతే మంచం కిందే వెతుక్కోవాలి. మా గుండు అరగంట సేపు కనిపించలేదు. చివరికి అయస్కాంతం పట్టిన స్క్రూడ్రైవరు పిడి దగ్గర అతుక్కొని ఉంది. రబ్బరు రింగులకు లోపలి వ్యాసమూ మందమూ రెండూ కొలవాలి. వాటికి సిలికాన్ గ్రీజు తప్ప మరేదీ రాయకూడదు. కోనసీమ ఇళ్లలో ఎప్పుడూ చేతికందే కొబ్బరినూనె ట్రిగ్గరులో అసలే పనికిరాదు; 24 డిగ్రీల దగ్గర గడ్డకట్టే ఆ నూనె ధనుర్మాసపు పొద్దుటి పోటీలో ఏం చేస్తుందో వేరే చెప్పనక్కరలేదు.

అన్నీ బిగించాక పిస్టల్‌తోనే సాక్ష్యం చెప్పించాలి. సైటు చక్రం టిక్కు లేకుండా జారితే గుండో దాని స్ప్రింగో లేదు. గొట్టాన్ని నిలువుగా పట్టి, పోటీ నియమం కోరే 500 గ్రాముల బరువును ట్రిగ్గరుకు తగిలించి ఎత్తినప్పుడు అది నిలవకపోతే, ముందు సర్దుబాటు మరను, తరువాత స్ప్రింగును అనుమానించాలి. సిలిండరు బిగించి రాత్రంతా ఉంచితే, పొద్దున ఒత్తిడి చూపే ముల్లు దిగి ఉన్నప్పుడు గాలి కారకుండా ఆపే ఏదో ఒక సీలు లేదనో, చెడిందనో అర్థం. సిలిండరు మీద ముద్రించిన తేదీ నుంచి పదేళ్లు దాటిపోతే మాత్రం మరమ్మతు మాట మరచి, దాన్ని మార్చాలి.

మా లెక్క చివరికి ఇలా తేలింది: పరాయి మర ఒకటి, తక్కువైన పిడి మర ఒకటి, ఎక్కడా కనబడని రబ్బరు రింగు ఒకటి. పిస్టల్ నంబరు, విడిభాగాల బొమ్మలోని అంకెలు, స్టీలు స్కేలు పక్కన పెట్టి తీసిన ఖాళీ గాడి ఫోటో జత చేసి కావలసినవి తెప్పించాము. పరాయి మరను మావాడు "ఇది మనది కాదు" అని రాసిన కవరులో వేసి అదే డబ్బాలో ఉంచాడు.