ఓపెన్ ప్రాక్టీస్‌లో ఏం చూడాలి?
అమెరికన్ ఫుట్‌బాల్ చూడటం నేర్చుకుందాం: 5వ పాఠం

కిందటి పాఠంతో నాలుగు డౌన్లు, పది గజాల లెక్క (నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు వెళ్ళాలన్నది) అయిపోయింది. నాలుగో డౌన్‌లో బంతిని ఎందుకు తన్నేస్తారో (దాన్నే పంట్ అంటారు) కూడా తెలిసింది. ఇక స్టేడియానికి వెళ్దాం. కాకపోతే ముందు మ్యాచ్‌కి కాదు, ప్రాక్టీస్‌కి. చదువు కోసం అమెరికా వచ్చే మన పిల్లల్లో చాలామంది దిగేది ఆగస్టులోనే. సీజన్‌కి ముందు కాలేజీ జట్ల శిక్షణ క్యాంపు నడిచేది కూడా అప్పుడే. కొన్ని యూనివర్సిటీలు ఆ క్యాంపులో ఒకరోజు గేట్లు తెరిచి జనాన్ని రానిస్తాయి. ఆట కొత్తగా నేర్చుకునేవాళ్ళకు అంతకంటే మంచి క్లాసు దొరకదు.

ఈ పాఠానికి అయోవా యూనివర్సిటీ జట్టును ఉదాహరణగా తీసుకుంటున్నాను. ఆగస్టులో ఒక శనివారం ‘కిడ్స్ డే ఎట్ కినిక్’ పేరుతో వాళ్ళ ప్రాక్టీస్‌ను ఉచితంగా చూడనిస్తారు. 1939లో కాలేజీ ఫుట్‌బాల్‌లో మేటి ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ గెలిచిన నైల్ కినిక్ పేరు పెట్టుకున్న స్టేడియం అది, దాదాపు 70 వేల మంది పడతారు. పిల్లలతో వచ్చే కుటుంబాలే ఎక్కువ కాబట్టి హడావిడి తక్కువ. అయినా అక్కడికి వచ్చే పెద్దల ధ్యాసంతా ఒక్కదాని మీదే: ఈసారి మన జట్టు ఎలా ఉంది?

వెళ్ళే ముందు జట్టు జాబితా ప్రింట్ తీసుకోండి. ఫోన్‌లో చూద్దాంలే అనుకుంటే ఎండకి తెర కనపడదు, కిందికీ పైకీ జరుపుతూ కూర్చునేలోపు నాలుగు ఆటలు (ప్లేలు) అయిపోతాయి. పైగా కాలేజీ ఫుట్‌బాల్‌లో ఒకే నంబరు ఇద్దరికి ఉండొచ్చు. ఇద్దరూ ఒకేసారి మైదానంలో ఉండకూడదు, అంతే. అందుకే 4వ నంబరు కుర్రాడు పాస్ పట్టాడని రాసుకుంటే చాలదు, దాడి (అఫెన్స్) వైపా కాపు (డిఫెన్స్) వైపా అన్నది కూడా రాయాలి. 50 నుంచి 79 వరకు నంబర్లు వేసుకుని దాడి వైపు నిలబడేవాళ్ళు ఎదుటివాళ్ళను అడ్డుకునే లైన్‌మెన్, మామూలుగా పాస్ పట్టే హక్కు లేనివాళ్ళు. వీళ్ళను ఎవరూ చూడరు. మీరు చూడండి. 2018లో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (ఆటగాళ్ళు వేరే యూనివర్సిటీకి మారడానికి పేరు నమోదు చేసుకునే జాబితా) వచ్చిన దగ్గర్నుంచి ప్రతి జట్టులోనూ ఏటా కొత్త ముఖాలే. పదేళ్ళుగా చూస్తున్న అభిమాని కూడా ఆగస్టులో జాబితా పట్టుకుని కూర్చోవాల్సిందే. ఆ రకంగా మీరూ ఆయనా ఒకే చోట మొదలుపెడుతున్నారు.

లోపలికి వెళ్ళగానే ఆటగాళ్ళు ఏం తొడుక్కున్నారో చూడండి. క్యాంపు మొదటి రోజుల్లో హెల్మెట్లు మాత్రమే పెట్టుకోవాలన్నది నియమం, ఎండకి శరీరం అలవాటు పడ్డాకే భుజాల ప్యాడ్లు, ఆ తర్వాత పూర్తి ప్యాడ్లు. హెల్మెట్లతో మాత్రమే జరిగే ప్రాక్టీస్ చూసి ఈ ఏడాది మన లైన్ గోడలా ఉందని రాసేవాళ్ళను నమ్మకండి. తోపులాటే లేనిచోట గోడ ఎక్కడిది?

హారన్ మోగినప్పుడల్లా పని మారుతుంది. ముందు ఒళ్ళు సాగదీయడం, తర్వాత ఎవరి కోచ్ దగ్గర వాళ్ళు విడివిడిగా, ఆపైన ఒకరికి ఒకరు. ఇందులో పాస్ పట్టే రిసీవర్ పరుగెడతాడు, కాపు వైపు కార్నర్‌బ్యాక్ అతన్ని ఆపాలి. మైదానం అంతా ఖాళీ, బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మీదికి వచ్చేవాడు లేడు. కాబట్టి రిసీవర్ గెలవడం వార్త కాదు, కార్నర్‌బ్యాక్ వరుసగా రెండు మూడు ఆపితే అది రాసుకోండి. ఆ తర్వాత ఏడుగురికి ఏడుగురు. దీంట్లో బరువైన లైన్‌మెన్ ఉండరు కాబట్టి బంతి నేల మీద పడేదే తక్కువ. స్టాండ్స్‌లో చప్పట్లు ఎక్కువ వినపడేది ఈ పావుగంటలోనే, మనకు పనికొచ్చేది తక్కువ దొరికేది కూడా ఇందులోనే. చివర్లో పదకొండుకు పదకొండు. పెన్ను తీయాల్సింది అప్పుడు.

ఇక్కడే చాలామంది బోల్తాపడేది. రెండు వైపులా మనవాళ్ళే. పాస్ అందితే మన దాడి అద్భుతం అంటాం, అదే పాస్‌లో మన కాపు దెబ్బతిన్న సంగతి మర్చిపోతాం. బంతి ఎదుటివాడి చేతిలో పడితే మన సేఫ్టీని (కాపులో వెనక నిలబడేవాణ్ణి) మెచ్చుకుంటాం, అదే బంతిని విసిరినవాడూ మనవాడే. నెట్స్‌లో సొంత బౌలర్‌ని సిక్సర్ కొట్టిన బ్యాట్స్‌మన్‌ని చూసి సంతోషపడాలా, బౌలర్‌ని చూసి దిగులుపడాలా? అందుకని ఫలితం రాయకండి, పద్ధతి రాయండి. బంతి సమయానికి బయటికి వచ్చిందా, పరుగెత్తే దారి ఎవరు తెరిచారు, ఎవరు తప్పు చోట నిలబడి చెయ్యెత్తి సారీ చెప్పారు, ఇలాంటివి.

క్వార్టర్‌బ్యాక్‌కి చాలా జట్లలో వేరే రంగు జెర్సీ ఇస్తారు. అతన్ని తాకకూడదని దాని అర్థం. మీదికి వచ్చినవాడు దగ్గరికి చేరి ఆగిపోతాడు, మ్యాచ్‌లో అయితే కింద పడేసేవాడే. అయినా ఇతను తాపీగా ఇంకో క్షణం చూసి విసిరేస్తాడు, అది వెళ్ళి టచ్‌డౌన్ (గోల్ గీత దాటి వచ్చే స్కోరు) అవుతుంది, పిల్లలు కేరింతలు కొడతారు. దీనికి విరుగుడు ఉంది. స్నాప్ అవగానే (ఆట మొదలుపెడుతూ బంతిని వెనక్కి అందించగానే) మనసులో సెకన్లు లెక్కపెట్టండి. రెండున్నర, మూడు లోపల బంతి చేయి దాటితే ఆ పాస్ మ్యాచ్‌లోనూ పడుతుంది. నాలుగు దాటితే మీ కాగితం మీద అది టచ్‌డౌన్ కాదు.

ఇప్పుడు 2023 సంగతి చెప్పాలి. ఆ ఏడాది అయోవాకి మిషిగన్ నుంచి కేడ్ మెక్‌నమారా వచ్చాడు. 2021లో బిగ్ టెన్ (అయోవా, మిషిగన్ లాంటి యూనివర్సిటీలు ఆడే లీగ్) ఫైనల్లో ఇదే అయోవాని 42-3తో ఓడించిన జట్టుకు క్వార్టర్‌బ్యాక్ అతనే, కనుక ఆశలు ఆకాశంలో ఉన్నాయి. కిడ్స్ డే రోజు, ఆగస్టు 12న, ఎవరూ తాకకుండానే కాలు పట్టేసి ప్రాక్టీస్ మధ్యలో ఆగిపోయాడు. ఆ సాయంత్రం నుంచి అభిమానులకు ఒకటే టెన్షన్, అందరూ అతని కాలి గురించే. కోలుకుని మొదటి మ్యాచ్ ఆడాడు. కానీ సెప్టెంబర్ 30న మోకాలి లిగమెంట్ తెగి సీజన్ మొత్తానికి దూరమయ్యాడు. అక్కణ్ణుంచి మిగిలిన మ్యాచ్‌లన్నీ ఇంకో క్వార్టర్‌బ్యాక్ డీకన్ హిల్‌తోనే మొదలయ్యాయి. విసిరిన పాసుల్లో సగం కూడా అందని సీజన్ అది, మొత్తం గజాల లెక్కలో 133 జట్లలో అయోవా దాడిది చిట్టచివరి స్థానం.

అంటే ఆ ఏడాది ఎక్కువ మ్యాచ్‌లు ఆడించిన కుర్రాడు ఆగస్టులో రెండో వరసలో, అంటే మొదటివాళ్ళకు బదులుగా దిగేవాళ్ళలో, నిలబడి ఉన్నాడు. అందుకే నా మాట: మీ సమయంలో సగం రెండో వరసకి ఇవ్వండి. మొదటివాడు దిగి రెండోవాడు వచ్చినప్పుడు జనం నీళ్ళ సీసాలు తీసుకుంటారు, కబుర్లలో పడతారు. మీరు ముందుకు వంగి కూర్చోవాల్సింది సరిగ్గా అప్పుడు. ఎవరైనా కుంటుతూ బయటికి వస్తే వచ్చాడని రాసుకోండి చాలు. ఏ కండరం, ఎన్ని వారాలు అని జోస్యం చెప్పడానికి మనం డాక్టర్లం కాదు.

అయోవా గురించి ఇంత చెప్పి పంట్ గురించి చెప్పకపోతే తప్పు. ఆ 2023 జట్టు అంత బక్క దాడితోనే పది మ్యాచ్‌లు గెలిచింది. గట్టి కాపు ఒక కారణం, టోరీ టేలర్ అనే ఆస్ట్రేలియా కుర్రాడి కాలు ఇంకో కారణం. ఒకే సీజన్‌లో 4,479 గజాలు తన్ని, 1938 నుంచి ఉన్న రికార్డు బద్దలు కొట్టాడు. ప్రాక్టీస్‌లో పంట్లు తన్నే మూలకి వెళ్ళి కూర్చోండి, అక్కడ సీట్లు ఎప్పుడూ ఖాళీనే. పంటర్ పదిహేను గజాలు వెనక నిలబడతాడు. స్నాప్ చేసేవాడు వంగి, కాళ్ళ సందులోంచి బంతిని తిప్పి విసురుతాడు, ఒక సెకను లోపే అది పంటర్ చేతిలో ఉండాలి. అతను పట్టుకుని రెండు అడుగులు వేసి, బంతిని చేత్తో విసరకుండా వదిలేసినట్టు జారవిడుస్తాడు. ఆ జారవిడవడమే అసలు విద్య. ముక్కు కాస్త పక్కకి తిరిగినా బంతి వంకరగా పోతుంది. కాలికి తగిలిన క్షణాన ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కండి, అవతలి కుర్రాడి చేతిలో పడగానే ఆపండి. నాలుగున్నర సెకన్లు వచ్చిందంటే మంచి పంట్, తన్నినవాళ్ళు కిందకి పరుగెత్తి చేరడానికి టైం దొరుకుతుంది. మూడున్నర వస్తే దూరం ఎంత పోయినా ప్రమాదమే. ప్రాక్టీస్ మొత్తంలో మీరు కొలవగలిగిన నిజం ఇదొక్కటే అన్నా తప్పులేదు, దీన్ని దాచే కోచ్ కూడా లేడు. కొత్త ఎత్తుగడలు మాత్రం జనం ముందు బయటపెట్టరు, కాబట్టి ఆట చప్పగా ఉందని విసుక్కోకండి.

అభ్యాసం: మీ ఊళ్ళో కాలేజీ జట్టుకి ఓపెన్ ప్రాక్టీస్ ఉంటే వెళ్ళండి, లేకపోతే ఏదైనా జట్టు ప్రాక్టీస్ వీడియో చూడండి. పదకొండుకు పదకొండు ఆడుతుండగా పది ఆటలు రాసుకోండి. ఒక్కోదానికి మూడే గడులు: ఏ వరస, బంతి ఎన్ని సెకన్లకు బయటికి వచ్చింది, బంతి లేని ఒక ఆటగాడు ఏం చేశాడు. బాగుంది, బాగాలేదు అన్న మాటలు వాడకూడదు. మూడో గడి మొదట్లో ఖాళీగానే మిగులుతుంది, ఎందుకంటే కళ్ళు బంతి వెంటే పోతాయి. ఆట మొదలయ్యే ముందే ఒక నంబరు ఎంచుకుని, విజిల్ పడేదాకా చూపు తిప్పకుండా అతన్నే చూడండి.

6వ పాఠంలో లైన్‌లోని ఐదుగురి పాదాలు ఎలా కదులుతాయో చూద్దాం. దానికి మీ జట్టు లైన్‌లో మొదటి వరస ఐదుగురి నంబర్లు, ఎడమ నుంచి కుడికి, రాసి పెట్టుకోండి.