బరంపురం, పర్లాకిమిడి ఇళ్లలో జపనీస్ మొదలుపెట్టేవారికి

ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బజారులో హిందీ. "ఇవి చాలవా, అది కూడు పెడుతుందా?" అని నాన్నగారు అడిగితే వాదించకండి. జపాన్ నైపుణ్య కార్మికుల వీసా నిబంధన చూపించండి: ఎన్4 (జపనీస్ భాషా పరీక్ష జేఎల్‌పీటీలో కింది నుంచి రెండో స్థాయి) లేదా జేఎఫ్‌టీ బేసిక్ అనే మరో భాషా పరీక్ష, దాంతోపాటు ఆ పనికి నైపుణ్య పరీక్ష. అన్నిటికంటే కింది స్థాయి ఎన్5 ఒక్కటే ఉద్యోగం ఇవ్వదని కూడా ముందే చెప్పేయండి. దాస్తే తర్వాత నమ్మరు.

మొదట హిరగానా లిపి 46 అక్షరాలు, రోజుకు 5, చేత్తో రాస్తూ. ఆపైన రెండో లిపి కతకానా. ఉచ్చారణ ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకుంటే దీర్ఘాలు, ద్విత్వాలు జారిపోతాయి. తెలుగులో రాసుకోండి: ఒబసన్ అంటే పిన్ని, ఒబాసన్ అంటే అమ్మమ్మ; కితె అంటే రా, కిత్తె అంటే తపాలా బిళ్ల.

వాక్యం మనకు బాగా కలిసొస్తుంది. క్రియ చివర, విభక్తి నామం వెనక. ఇంగ్లిష్ మీదుగా వెళ్లకుండా తెలుగు నుంచే కట్టండి.

ఎన్5లో 180కి 80 తెచ్చుకున్నా, వినికిడిలో 60కి 19 రాకపోతే తప్పినట్టే. పుస్తకానికే అతుక్కున్నవాళ్లు ఇక్కడే పోతారు. రోజూ 20 నిమిషాలు విని, విన్నది పైకి అనండి.

జేఎల్‌పీటీ పరీక్ష జూలై, డిసెంబర్ మొదటి ఆదివారాల్లో. దరఖాస్తు గడువు చాలా ముందే ముగుస్తుంది. బరంపురం నుంచి కోల్‌కతా, చెన్నై కేంద్రాలు రెండూ ఒకే రైలు మార్గంలో ఉన్నాయి.