మాటలన్నీ తెలిసినా ఇంగ్లీషు వాక్యం అర్థం కానప్పుడు: అలంకారాల దగ్గర వచ్చే సమస్యలు, పరిష్కారాలు

ఇంగ్లీషు వ్యాసం చదువుతున్నప్పుడు ఒక వాక్యంలోని ప్రతి పదమూ తెలిసే ఉంటుంది, వ్యాకరణంలోనూ చిక్కేమీ ఉండదు, అయినా మొత్తం మీద అర్థం కుదరదు. అటువంటి చోట చాలామంది తమ పదసంపద చాలలేదనుకొని నిఘంటువు తెరుస్తారు. లోపం సాధారణంగా అక్కడ ఉండదు. ఏదో ఒక మాట తన సొంత అర్థాన్ని విడిచి పక్క అర్థానికి జరిగిందని గమనించకపోవడమే అసలు లోపం. ఈ జరుగుబాటును మన అలంకారికులు ఎంతో నిశితంగా పరిశీలించారు. లక్షణ అనే శబ్దవృత్తికి, అంటే మాట తన సొంత అర్థం వదిలి మరో అర్థాన్ని సూచించే తీరుకు, సంస్కృత అలంకారికుడు మమ్మటుడు కావ్యప్రకాశంలో మూడు షరతులు చెప్పాడు: ముఖ్యార్థానికి బాధ కలగాలి (అంటే మాట సొంత అర్థం అక్కడ పొసగకూడదు), కొత్త అర్థానికి ముఖ్యార్థంతో సంబంధం ఉండాలి, ఆ వాడుకకు రూఢి (స్థిరపడిన అలవాటు) గాని ప్రయోజనం (ప్రత్యేక ఉద్దేశం) గాని కారణం కావాలి. ఇంగ్లీషు వాక్యం మొరాయించినప్పుడు ఈ మూడింటినీ ప్రశ్నలుగా మార్చి అడగడం కంటే నమ్మకమైన పద్ధతి నాకు తెలియదు.

సమస్య: కర్త చేయలేని పని చేస్తున్నట్టు కనిపిస్తుంది

‘ది వైట్ హౌస్ డిక్లైన్డ్ టు కామెంట్’ అన్న వాక్యం చూడండి. భవనం మాట్లాడదు, కాబట్టి మాట్లాడనని నిరాకరించనూ లేదు. ముఖ్యార్థం ఇక్కడే దెబ్బతింది. భవనానికీ, అందులో పనిచేసే అమెరికా అధ్యక్షుడి యంత్రాంగానికీ ఉన్న సంబంధం వల్ల భవనం పేరు ఆ యంత్రాంగాన్ని సూచిస్తోంది. దీనిని మెటానమీ అంటారు. ‘గంగలో పల్లె’ అంటే గంగ ఒడ్డున ఉన్న పల్లె అని శాస్త్రకారులు చెప్పిన ఉదాహరణ కూడా ఈ కోవలోనిదే. భాగాన్ని చెప్పి మొత్తాన్ని సూచిస్తే అది సినెక్‌డకీ. ‘హైర్డ్ హ్యాండ్స్’ అంటే కూలికి వచ్చిన మనుషులు, ఒట్టి చేతులు కావు. ఇటువంటి చోట ఆ వస్తువుకు సంబంధించిన మనుషులను కర్త స్థానంలో పెట్టి చదివితే చాలు, వాక్యం దారికి వస్తుంది.

సమస్య: పోలిక ఎక్కడా కనిపించదు, అయినా వాక్యం వింతగా ఉంటుంది

పాఠకులను అన్నిటికంటే ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఇదే. ‘లైక్’, ‘యాజ్’ వంటి మాటలున్న సిమిలీని, అంటే మన ఉపమను, ఎవరైనా గుర్తుపడతారు. ‘ఫలానాది ఫలానాదే’ అని అభేదం చెప్పే మెటఫర్ కూడా, అంటే రూపకం కూడా, కంటికి ఆనుతుంది. కాని ఇంగ్లీషు వచనంలో రూపకం తరచుగా క్రియలో దాక్కుంటుంది. ‘ఇన్‌ఫ్లేషన్ ఈజ్ ఈటింగ్ ఇంటు అవర్ సేవింగ్స్’ అన్నప్పుడు ద్రవ్యోల్బణాన్ని జంతువుతో పోల్చుతున్నామని ఎవరూ ప్రకటించరు; తినడమనే క్రియ ఒక్కటే ఆ పని చేస్తుంది.

దీనికి పరిష్కారం రెండు మెట్లలో ఉంది. ముందు క్రియ కింద గీత గీసి, అది మామూలుగా ఎవరు చేసే పనో ఆలోచించాలి. ఆ తరువాత ఆ పనిలోని ఏ గుణం ఇక్కడికి దాటి వచ్చిందో వెతకాలి. పై వాక్యంలోకి వచ్చింది అంచు నుంచి కొద్దికొద్దిగా తరిగిపోవడం. ఆకలి, రుచి రాలేదు. ‘ధరలు మండిపోతున్నాయి’ అని మనం అన్నప్పుడు కూడా తాళలేని తీవ్రత వస్తుంది గాని పొగ రాదు కదా.

ఇటువంటి రూపకాలు విడివిడిగా కాక గుంపులుగా ఉంటాయని భాషావేత్త జార్జ్ లేకాఫ్, తత్వవేత్త మార్క్ జాన్సన్ 1980లో వెలువరించిన గ్రంథంలో చూపారు. వాదనను యుద్ధంగా భావించే అలవాటు వాటిలో ఒకటి. అది తెలిసినవారికి ‘హి రిట్రీటెడ్ ఫ్రమ్ హిజ్ ఎర్లియర్ పొజిషన్’ అన్న వాక్యంలో ఎవరూ ఏ స్థలం నుంచీ కదలలేదని, మునుపటి అభిప్రాయం నుంచి వెనక్కి తగ్గారని వెంటనే తోస్తుంది.

క్రియలో ఉన్న రూపకం దేశాన్ని బట్టి మారే సందర్భం కూడా ఉంది. ‘ది కమిటీ టేబుల్డ్ ది ప్రపోజల్’ అంటే బ్రిటిష్ వాడుకలో ప్రతిపాదనను చర్చకు పెట్టారని, అమెరికన్ వాడుకలో దానిని పక్కన పెట్టారని అర్థం. బల్ల ఒకటే, అర్థాలు ఎదురెదురు. కాబట్టి రాసినవారు ఏ దేశపు ఇంగ్లీషు రాస్తున్నారో ముందే చూసుకోవాలి.

సమస్య: అర్థం తలకిందులైనట్టు అనిపిస్తుంది

వ్యతిరేకాన్ని కాదనడం ద్వారా విషయం చెప్పడం లిటోటీస్. ‘నో స్మాల్ అచీవ్‌మెంట్’ అంటే చిన్నది కాదన్న మాటతో గొప్పదని చెప్పడం. ‘వాడేం తక్కువవాడు కాదు’ అన్నట్టే. అయితే ‘నాట్ అన్‌కామన్’ను ‘చాలా సాధారణం’ అని అనువదిస్తే పొరపాటే, ఎందుకంటే అక్కడ రచయిత కావాలనే ఒక మెట్టు తగ్గి మాట్లాడుతున్నాడు.

ఐరనీ, అంటే పైకి ఒకటి చెప్పి లోపల మరొకటి ఉద్దేశించడం, ఇంకా కష్టం, ఎందుకంటే ఒక్కోసారి వాక్యంలో ముఖ్యార్థానికి బాధే కనిపించదు. వ్యంగ్య రచయిత జొనాథన్ స్విఫ్ట్ 1729లో ప్రకటించిన ‘ఎ మాడెస్ట్ ప్రపోజల్’లో ఐర్లండ్ పేదల పసిపిల్లలను ఆహారంగా అమ్మాలనే ప్రతిపాదన లెక్కలతో సహా ప్రశాంతంగా సాగుతుంది. వాక్యాలు ఒక్కొక్కటీ సవ్యంగానే ఉంటాయి. అసంగతం మొత్తం ప్రతిపాదనలో ఉంది. అందుకే ఐరనీని అనుమానించినప్పుడు వాక్యాన్ని కాక, చెప్పిన విషయానికీ చెప్పిన స్వరానికీ పొత్తు కుదిరిందా అని చూడాలి.

హైపర్బోలీ, అంటే అతిశయోక్తి, అంతగా బాధించదు. ‘లిటరల్లీ’ (అక్షరాలా) అన్న మాట నొక్కి చెప్పడానికి కూడా వాడతారని గుర్తుంచుకుంటే చాలు.

సమస్య: ఎంత విడదీసినా సంబంధం దొరకదు

అప్పుడది రూఢి, అంటే ఇడియమ్. ‘స్పిల్ ద బీన్స్’ అంటే గుట్టు బయటపెట్టడం. గింజల నుంచి గుట్టుకు దారి వెతికి ప్రయోజనం లేదు. ఒక పదం మార్చి చూస్తే విషయం తేలుతుంది. ‘చెవిలో పువ్వులు’ బదులు ‘చెవిలో ఆకులు’ అంటే మోసమన్న అర్థం పోయినట్టే, బీన్స్ బదులు మరో గింజ పెడితే గుట్టు మిగలదు. అటువంటి పదబంధాన్ని మొత్తంగా నిఘంటువులో వెతకాలి.

సమస్య: ప్రతి మాటలోనూ అలంకారమే కనిపిస్తుంది

ఇది కొత్తగా నేర్చినవారి ఉత్సాహం వల్ల వస్తుంది. ‘ద మౌత్ ఆఫ్ ద రివర్’లో నోరు ఇప్పుడు ఎవరికీ నోరుగా తోచదు, కుర్చీ కాళ్లలాగే అది అలవాటైపోయిన మాట. నిఘంటువు ఆ అర్థాన్ని మామూలు అర్థాలలో ఒకటిగా ఇచ్చి, చుట్టుపక్కల వాక్యాలు కూడా ఆ ఊహను అందుకోకపోతే దానిని వదిలి ముందుకు సాగవచ్చు. తరువాతి వాక్యంలో ఆ నది పడవలను మింగుతుంటే మాత్రం వెనక్కి వచ్చి మళ్లీ చదవాలి, ఎందుకంటే రచయిత ఆ నోటికి తిరిగి ప్రాణం పోశాడు.