పైపు పగిలింది, తీగ తెగింది, గట్టుకు గండి పడింది: ఇంగ్లీషు అర్జీలో ఏ మాట రాయాలి?

ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ, బరంపురం వైపు తెలుగువాళ్లకి ఇది తెలిసిన ఇబ్బందే. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా. ఆఫీసుకి కాగితం పెట్టాల్సి వస్తే మాత్రం, ఒడియా మాట్లాడటమే తప్ప రాయడం రాని వాళ్లు ఇంగ్లీషునే పట్టుకుంటారు. అక్కడ ఏది పగిలినా, పేలినా, తెగినా ‘బ్రోక్’ అనో ‘బ్లాస్ట్’ అనో రాసేస్తాం. కాగితం చదివే గుమస్తా మన వీధికి వచ్చి చూడడు. ఆ ఒక్క మాటను బట్టే ఫిట్టర్‌ని పంపాలా, లైన్‌మన్‌ని పంపాలా, రేపు చూద్దామని పక్కన పెట్టాలా అన్నది తేల్చేస్తాడు.

ముందు చూసింది చూసినట్టు తెలుగులో చెప్పుకోండి

డిక్షనరీ తర్వాత. అసలు ఏం జరిగింది? లోపలి ఒత్తిడికి పగిలిందా, మంట గానీ గ్యాస్ గానీ తోడైందా, లాగుడికి తెగిందా, దెబ్బ తగిలి బీట వారిందా? తెలుగులో కర్ర విరుగుతుంది, కుండ పగులుతుంది, దారం తెగుతుంది. ఇంగ్లీషువాడు ఈ మూడింటికీ ‘బ్రేక్’ అనేస్తాడు, తప్పు కాదు. కానీ అర్జీలో ఆ మాట చదివినవాడికి ఏమీ బోధపడదు.

లోపలి ఒత్తిడికి పగిలితే: బర్స్ట్

నీళ్ల పైపు, టైరు, ట్యాంకు, నిండా కుక్కిన బస్తా వీటన్నిటికీ ఇదే మాట. ఇప్పుడు పగిలినా నిన్న పగిలినా ‘బర్స్ట్’ అనే రాయాలి, ‘బర్‌స్టెడ్’ అని రాయకూడదు. ‘ద వాటర్ పైప్ బర్స్ట్ ఎస్టర్‌డే మార్నింగ్’ అంటే చాలు. చుక్కచుక్కగా కారుతుంటే అది ‘లీకింగ్’. త్వరగా వస్తారని దాన్ని కూడా బర్స్ట్ అని రాస్తే, నిజంగా పగిలిన రోజున మీ కాగితానికి విలువుండదు. మేకు గుచ్చుకుని గాలి దిగిపోతే పంక్చరే. టైరు ఢామ్మని పోతేనే బర్స్ట్.

మంట, గ్యాస్, పెద్ద చప్పుడు ఉంటే: ఎక్స్‌ప్లోడ్

బాయిలర్, బాణసంచా, సిలిండర్ లాంటివి పేలి ముక్కలు చెల్లాచెదురైతే ఈ మాట వాడండి. లాటిన్‌లో దీని మూలానికి అర్థం, చప్పట్లు కొట్టి నటుణ్ణి రంగస్థలం మీద నుంచి తరిమేయడం! చప్పుడు అప్పటి నుంచీ ఉంది, పేలుడు తర్వాత వచ్చి చేరింది. ‘బ్లాస్ట్’ పేపర్లలో బాగా కనిపిస్తుంది. కానీ క్వారీలో మందు పెట్టి రాయి పేల్చడానికీ అదే మాట, బాంబుకీ అదే మాట. మన అర్జీలో దాన్ని వదిలేయడమే మేలు.

గ్యాస్ విషయంలో ఇంకో సంగతి. చాలాసార్లు సిలిండర్ పేలదు, గ్యాస్ లీకై అంటుకుంటుంది. అలాంటప్పుడు ‘గ్యాస్ లీక్డ్ అండ్ కాట్ ఫైర్’ అని రాయండి. వాసన ఇప్పుడే వస్తుంటే కాగితం పక్కన పెట్టి, స్విచ్చులు ముట్టుకోకుండా, కిటికీలు తెరిచి, బయటికొచ్చి 1906కి ఫోన్ చేయండి.

ఇంటి ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లు ఈ తేడాని మరీ జాగ్రత్తగా చూసుకోవాలి. 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న భారత్ గృహ రక్ష పాలసీలో ఎక్స్‌ప్లోజన్ ఒక పద్దు. నీళ్ల ట్యాంకులు, పైపులు పగలడం, పొంగడం వేరే పద్దు. మేడ మీద ట్యాంకు పగిలితే ‘ట్యాంక్ బ్లాస్ట్’ అని రాసి, దేంతో పేలిందని అడిగించుకోవడం ఎందుకు?

ఫ్యూజు కొట్టేస్తే ‘ద ఫ్యూజ్ బ్లూ’. ట్రాన్స్‌ఫార్మర్ పేలి, నూనె చిమ్మి, మంటలొస్తేనే ‘ఎక్స్‌ప్లోడెడ్’.

లాగుడికి తెగితే: స్నాప్

గాలివానల్లో ఎక్కువగా అక్కరకొచ్చే మాట ఇదే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాని అతలాకుతలం చేసింది. అలాంటి రోజుల్లో చెట్లు కూకటివేళ్లతో పడతాయి, అంటే ‘అప్‌రూటెడ్’. తీగలు పుటుక్కున తెగుతాయి, అంటే ‘స్నాప్డ్’. ‘వైర్ వజ్ కట్’ అని రాస్తే ఎవరో కోశారన్న అర్థం వస్తుంది, సంగతి దొంగతనం వైపు మళ్లుతుంది. తెగిన తీగ రోడ్డు మీద ఉంటే దగ్గరికి ఎవర్నీ పోనివ్వకండి, ముందు ఫోన్ చేయండి, ఆ తర్వాతే కాగితం.

అద్దాలకి రెండు మాటలున్నాయి. బీట వారితే ‘క్రాక్డ్’, నుజ్జునుజ్జయితే ‘షాటర్డ్’. కారు ముందు అద్దం రెండు పొరల మధ్య ప్లాస్టిక్ పెట్టి చేస్తారు కాబట్టి సాలెగూడులా బీటలిచ్చినా సాధారణంగా నిలబడుతుంది. పక్క అద్దం గులకల్లా రాలిపోతుంది.

గట్టు, కాలువ, ఏరు

గుణుపూర్, కాశీనగర్ వైపు వంశధార పొంగినప్పుడు పొలాలవాళ్లు తరచూ తికమకపడేది ఇక్కడే. గట్టుకు గండి పడితే ‘బ్రీచ్’. గట్టు తెగకుండా నీళ్లు పైనుంచి దాటితే ‘ఓవర్‌టాప్డ్’. మొదటిదానికి మట్టి, బస్తాలు, మనుషులు కావాలి. రెండోదానికి ముందు నీళ్లు తగ్గాలి. ‘ద రివర్ బర్స్ట్ ఇట్స్ బ్యాంక్స్’ అని పేపర్లో చూసి మనమూ రాస్తాం. దానికి అర్థం ఏరు ఒడ్డు దాటి పొర్లిందనే, గట్టు తెగిందని కాదు. గండి పడితే ‘బ్రీచ్’ అనే రాయండి.

‘క్లౌడ్‌బర్స్ట్’ జోలికి అసలు పోవద్దు. చిన్న ప్రాంతంలో గంటకి 100 మిల్లీమీటర్లు పడితే గానీ వాతావరణ శాఖ ఆ మాట అనదు. మనకి ‘హెవీ రెయిన్’ చాలు.

బయటికొచ్చే తీరు

నీళ్లు ధారగా ఉరికొస్తుంటే ‘గషింగ్’, ఉండుండి చిమ్ముతుంటే ‘స్పర్టింగ్’. నిప్పు, రోగం, కొట్లాట ఒక్కసారిగా మొదలైతే ‘బ్రోక్ అవుట్’. ‘ఎరప్ట్’ని అగ్నిపర్వతాలకి వదిలేయండి. అయితే డాక్టరు చీటీలో ‘స్కిన్ ఎరప్షన్’ అని కనిపిస్తే టెన్షన్ పడొద్దు, ఒంటి మీద దద్దురో పొక్కులో లేచాయని అర్థం.

ఇప్పుడు కాగితం రాయండి

ఏ వస్తువు, ఏమైంది, ఎక్కడ, ఎప్పటి నుంచి, దానివల్ల ఏం నష్టం. ఈ వరసలోనే రాయండి: ‘ద వాటర్ పైప్ నియర్ ద స్కూల్ గేట్ బర్స్ట్ ఎట్ సిక్స్ దిస్ మార్నింగ్. వాటర్ ఈజ్ గషింగ్ ఆన్‌టు ద రోడ్ అండ్ ఎంటరింగ్ త్రీ హౌసెస్.’ రెండే వాక్యాలు. ఫోన్‌లో తీసిన ఫొటో ప్రింటు జత చేయండి. రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకటి ఇచ్చి, రెండోదాని మీద తేదీతో ‘రిసీవ్డ్’ ముద్ర వేయించుకోండి. ముద్ర లేదంటే సంతకమైనా పెట్టమనండి.