యుద్ధవార్త చదవడం ఎలా? 3వ పాఠం: దాడి ఎవరిది?

పోయిన పాఠంలో పటం ముందు పెట్టుకుని వార్త చదివాం. ఈసారి పటంతో పనిలేదు. ఒక నోటుపుస్తకం, పెన్సిల్ తీసుకోండి. పెన్ను వద్దు, ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది. పేజీలో నిలువుగా రెండు గీతలు గీసి మూడు గళ్లు చేయండి. మొదటి గడి కొట్టినవాళ్లకు, రెండోది వెనకుండి కొట్టించినవాళ్లకు, మూడోది 'మాకేం సంబంధం లేదు' అన్నవాళ్లకు.

రెండు దేశాల సైన్యాలు ఎదురెదురుగా తలపడితే ఇంత హంగామా అక్కర్లేదు. ఇప్పుడు చాలా దాడుల్లో ఒక్కో గడిలో ఒక్కో పేరు పడుతోంది. చిక్కంతా అక్కడే.

ముందు ఒక పాత వార్త చూద్దాం. 2019 సెప్టెంబరు 14న సౌదీ అరేబియాలోని అబ్‌ఖైక్, ఖురైస్ చమురు కేంద్రాల మీద డ్రోన్లు, క్షిపణులు వచ్చి పడ్డాయి. ఆ దేశపు చమురు ఉత్పత్తిలో సుమారు సగం ఆగిపోయింది. యెమెన్‌లో ఇరాన్ అండ ఉన్న సాయుధ తిరుగుబాటుదారులు హూతీలు 'మేమే చేశాం' అన్నారు. మొదటి గడి నిండిపోయిందనుకున్నారా? ఆగండి. అమెరికా, సౌదీ వేలెత్తి చూపింది ఇరాన్ వైపు. ఇరాన్ కాదంది. ఐక్యరాజ్యసమితి నిపుణులు పరిశీలించి, ఆ ఆయుధాలు యెమెన్ నుంచి అంత దూరం వచ్చి ఉండవని చెప్పారు. అంటే చేయని దాడిని కూడా నెత్తిన వేసుకునేవాళ్లు ఉంటారు. వాళ్లకది పేరు, అసలువాళ్లకు ముసుగు. వార్తలో 'ప్రకటించుకున్నారు' అని ఉంటే మీ పుస్తకంలోకి అది 'చేశారు' అయి రాకూడదు. ఈ పొరపాటు నేనూ చాలాకాలం చేశాను.

రెండో గడికి వాగ్నర్ అనే రష్యా కిరాయి సైనిక దళాన్ని మించిన ఉదాహరణ లేదు. సిరియా, మాలి, మధ్య ఆఫ్రికా రిపబ్లిక్‌లలో వాళ్లు తిరుగుతున్నా, తమ ప్రభుత్వానికి సంబంధం లేదనే రష్యా ఏళ్ల తరబడి చెప్పింది. 2023 జూన్‌లో ఆ దళం రష్యా సైనిక నాయకత్వం మీదే తిరగబడింది. నాలుగు రోజులైనా కాకముందే, వాగ్నర్ ఖర్చంతా ప్రభుత్వమే భరించిందనీ, ఒక్క ఏడాదిలో 8,600 కోట్ల రూబుళ్లు ఇచ్చామనీ పుతినే చెప్పారు. మూడో గడిలో ఉన్న పేరు రెండో గడిలోకి వచ్చేసింది. పెన్సిల్ ఇందుకే. ప్రతి పేరు పక్కనా తేదీ కూడా వేసుకోండి.

ఇక చెయ్యే కనబడని దాడి. 2017 జూన్‌లో నాట్‌పెట్యా అనే కంప్యూటర్ వైరస్, యుక్రెయిన్‌లో పన్ను లెక్కలకు వాడే ఒక సాఫ్ట్‌వేర్ ద్వారా మొదలై ప్రపంచమంతా పాకింది. మెర్క్ అనే మందుల కంపెనీ కూడా నష్టపోయింది. 2018 ఫిబ్రవరిలో అమెరికా, బ్రిటన్ ఇది రష్యా సైన్యం పని అన్నాయి, రష్యా ఒప్పుకోలేదు. మెర్క్ బీమా డబ్బు అడిగితే బీమా కంపెనీలు 'యుద్ధ నష్టానికి పాలసీ వర్తించదు' అన్నాయి. న్యూజెర్సీ కోర్టులు మాత్రం ఆ మినహాయింపు ఇక్కడ చెల్లదని మెర్క్ వైపే మొగ్గాయి. పాలసీలో రాసింది పాతకాలపు యుద్ధం గురించి మరి! ప్రభుత్వాలు సైన్యం పేరెత్తిన చోటే కోర్టు యుద్ధం అనలేదు. కాబట్టి 'యుద్ధం' అనే మాట కనబడితే, అన్నది ఎవరో, ఆ మాట వల్ల డబ్బు ఎవరికి మిగులుతుందో కూడా చూడండి.

అభ్యాసం: 2023 నవంబరు 19న ఎర్రసముద్రంలో గెలాక్సీ లీడర్ అనే ఓడను హూతీలు హెలికాప్టర్‌లో వచ్చి పట్టుకున్నారు. ఇజ్రాయెల్ ఓడ కాబట్టే పట్టుకున్నామన్నారు. ఓడ మీద జెండా బహామాస్‌ది, అద్దెకు తీసుకుని నడుపుతున్నది జపాన్ కంపెనీ, సిబ్బందిలో ఫిలిప్పీన్స్, బల్గేరియా, మెక్సికో వాళ్లున్నారు. మూడు గళ్లూ నింపండి. తర్వాత పక్కనే నాలుగో గడి గీసి, దెబ్బ తగిలింది ఏ దేశానికో రాయడానికి ప్రయత్నించండి. ఆ గడి దగ్గర మీ పెన్సిల్ ఎక్కడ ఆగిందో వచ్చే పాఠం అక్కడే మొదలవుతుంది.